నాకు ఎవరూ మందు పెట్టలేదు

నాకు ఎవరూ మందు పెట్టలేదు. ఈ నాలుగు ముక్కలు నా నోటి నుంచి రావడానికి పదకొండు నెలలు పట్టింది. వచ్చాక నమ్మినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందుకే చెప్పడం మాని రాస్తున్నాను. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. మా పెద్దమ్మాయి నోటుపుస్తకంలో వెనక మిగిలిన కాగితాలివి. ఎవరికోసం రాస్తున్నానో చివర్లో చెబుతాను.

మా సీమలో మందు అంటే ఒకటి కాదు. ఆసుపత్రిలో సీసాలో పోసి ఇచ్చేదీ మందే. గిట్టనివాళ్ళు అన్నంలోనో పిండివంటలోనో ఏదో కలిపి పెడితే తిన్నవాళ్ళు లోలోపల కృశించిపోతారని చెప్పుకుంటారే, అదీ మందే. అట్లా పెట్టడాన్ని మందు పెట్టడం అంటారు. ఆకుపసరు తాగించి దాన్ని కక్కించడాన్ని మందు తీయడం అంటారు. ఇక అంగట్లో అమ్మిన నల్లమందు ఉండనే ఉంది. నేను తిన్నది నల్లమందు. ఊరంతా నమ్మింది మాత్రం నాకెవరో మందు పెట్టారని.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాంట్లో మా ఆయన, రెండోదాంట్లో మా మరిది సుబ్బరాయుడు పట్టుచీరలు నేసేవాళ్ళు. అత్త, నేను, మా తోడికోడలు రంగమ్మ పట్టునూలు కండెలకు చుట్టి ఇచ్చేవాళ్ళం, తెగిన పోగులు అతికేవాళ్ళం. రంగమ్మది రొళ్ల దగ్గర ఒక పల్లె. ఆమె మాటలో సగం కన్నడం. అన్నం తిన్నావా అని అడగడానికి “ఊట అయిందా అక్కా?” అనేది. మా వీధిలో అందరూ దానికి నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. పెళ్ళై నాలుగేళ్ళయినా ఆమెకు పిల్లలు కలగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతోనే ఆమె గొంతు కోశారు.

యాభై ఆరులో మా రెండోవాడు పుట్టిన మూడో నెలలో నాకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. పదిరోజులకు లేచి నిలబడే ఓపిక కూడా పోయింది. పక్కింటి చెన్నమ్మవ్వకు మోకాళ్ళ నొప్పులకని సర్కారు కార్డు ఉండేది, దానిమీద నెలనెలా ఆమెకు అంగట్లో నల్లమందు ఇచ్చేవాళ్ళు. ఆమె నువ్వుగింజంత గిల్లి నా నాలుక మీద పెట్టింది. గంట తిరక్కుండా నొప్పి పోయింది. నొప్పితో పాటు ఇంకా చాలా పోయాయి. బిడ్డ ఏడుపు, అత్త సణుగుడు, నడుము పీకుడు, ఏవీ లేవు. అంత హాయి నేను పుట్టి ఎరగను. సుఖంగా ఉండింది కాబట్టే మళ్ళీ తిన్నాను, అబద్ధమెందుకు చెప్పాలి?

రోగం తగ్గినా నేను అవ్వ దగ్గరికి పోవడం ఆపలేదు. పోయాకే తెలిసింది, నేనొక్కదాన్నే కాదని. మధ్యాహ్నం పూట మగవాళ్ళు మగ్గం గుంతల్లో కూచున్నాక అవ్వ వసారాలో నలుగురం రాట్నాలు తెచ్చుకొని చేరేవాళ్ళం. ఆకు, వక్క, సున్నం, మధ్యలో ఒక చిటికెడు. నల్లమందు అనే మాట ఎవరూ పలికేవాళ్ళు కాదు. “నల్లది ఉండాదా అవ్వా?” అంటే చాలు. ఒకామెకు పళ్ళనొప్పి, ఒకామెకు నిద్ర పట్టదు, ఇంకొకామెకు ఏ రోగమూ లేదు, మొగుడు మాత్రం ఉన్నాడు. ఆ గంటసేపు మేం నవ్వుకున్న నవ్వులు, చెప్పుకున్న ముచ్చట్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాగుంటుంది. అదే భయం కూడా.

మగవాళ్ళ సంగతి వీధికంతా తెలిసిందే. మద్యనిషేధం రోజులు గనక సారా బదులు మందులషాపు టించర్లు తాగేవాళ్ళు, గంజాయి చిలుము పట్టేవాళ్ళు. తూలుతూ వస్తే తిట్టి అన్నం పెట్టేవాళ్ళం. ఆడవాళ్ళం తూలలేదు, కాబట్టి ఎవరికీ తెలియలేదు. పైగా నా చేతిలో పోగు తెగేది కాదు, విసుగు వచ్చేది కాదు. పెద్దకోడలి ఓర్పు చూసి నేర్చుకోమని అత్త రంగమ్మకు చెప్పేది. ఆ ఓర్పు ఎక్కడిదో నాకు తెలుసు. మూడేళ్ళలో నువ్వుగింజ మిరియపు గింజంత అయింది. ఆకలి చచ్చిపోయింది, కడుపు రాయి కట్టింది, పాలు ఎండిపోయి బిడ్డకు మేకపాలు పట్టాం. ఇదంతా బాలింత నీరసం అనుకున్నారు. రంగమ్మ మాత్రం నేను సరిగా తినడం లేదని కనిపెట్టింది. ఏది వండినా నా కోసం ఒక గిన్నెలో తీసి దాచి, మెల్లగా తెచ్చి పెట్టేది.

యాభై తొమ్మిది ఎండాకాలంలో కార్డుల మీద నల్లమందు ఇవ్వడం ఆగిపోయింది. దేశమంతా ఆపేశారని అంగడాయన చెప్పాడట. అవ్వ దగ్గర మిగిలింది తలా కొంచెం పంచుకున్నాం. ఉగాది అయిన నాలుగు రోజులకు అదీ అయిపోయింది.

మొదటి రోజు ఆవలింతలు, కళ్ళలో ముక్కులో నీళ్ళు. జలుబనుకున్నారు. రెండో రోజు కాళ్ళు లాగడం మొదలైంది. ఆ లాగుడు ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఎముకల లోపల ఎవరో కూచొని కండె చుట్టుకుంటున్నట్టు ఉండేది. ఎండలో ఒళ్ళు జలదరించేది. నీళ్ళు తాగినా వాంతి. మూడో రోజుకు చాప మీద పొర్లుతుంటే మా ఆయన మగ్గం వదిలి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాడు. ఆయన మొహం తెల్లబోయింది.

ఆ మూడు రోజులూ నా వాంతులు ఎత్తింది రంగమ్మ. నా కాళ్ళను తన ఒళ్ళో పెట్టుకొని గంటలకొద్దీ ఒత్తింది. నేను తంతే తన్నించుకుంది. ఇది నేను చాలాసార్లు రాసి కొట్టేశాను. ఈసారి ఉంచుతున్నాను.

మందు మాట మొదట అన్నది అత్త. వీధిలో ఒకామె ఎవరో అట్లాగే వాంతులై పోయిందట, దానికి మందు పెట్టారట. అప్పుడు లెక్క మొదలైంది. పెద్దకోడలు ఎవరి చేతి తిండి తినింది? రంగమ్మ ఉగాదికి పుట్టింటికి పోయి వస్తూ ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చింది. అందరికీ ఒకటొకటి, నాకు మాత్రం రెండు, అవీ దాచి విడిగా ఇచ్చింది. ఎందుకు దాచింది? ఆమెకు పిల్లలు లేరు, నాకు ఇద్దరు. ఆమెది కన్నడం పక్క ఊరు, ఆడ ఇట్లాంటివి తెలిసినవాళ్ళు ఉంటారు. ఒక్కొక్క పోగూ వచ్చి అతుక్కుంది. నేను చాప మీద పడుకొని వింటూనే ఉన్నాను. స్పృహలోనే ఉన్నాను. నల్లమందు అని ఒక్క మాట అనివుంటే అక్కడికి అయిపోయేది. అంటే ఏమవుతుంది? నల్లమందు తినే ఆడది అంటారు. పిల్లల్ని లాక్కుంటారు. పుట్టింటికి తోలేస్తారు. అవన్నీ నాకు జరగకూడదనుకున్నాను. రంగమ్మకు జరిగితే జరగనీ అని అప్పుడు అనుకోలేదు. అసలు ఆమె సంగతే ఆలోచించలేదు.

రైలెక్కించి పెనుకొండకు తీసుకుపోయారు. స్టేషన్లో దిగి రెండు మైళ్ళు పోతే ఒక పల్లెలో మందు తీసే సామి ఉన్నాడు. రైల్లో ఎవరో తురకల ముసలామె నన్ను చూసి తన చోటు ఇచ్చి తాను కింద కూచుంది. పేరు కూడా అడగలేదు. సామి ఇంటి అరుగు మీద మాకంటే ముందు పన్నెండు మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క కడుపునొప్పి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క అనుమానం. వదిన, సవతి, పాలివాళ్ళు. అరుగు మీద కూచున్నంతసేపు వాళ్ళు చెప్పుకున్నది రోగాల గురించి కాదు, పెట్టినవాళ్ళ గురించే. మా అత్త కూడా చెప్పింది. లోపలి గదిలో సామి వింటూ ఉన్నాడు.

నా వంతు వచ్చాక పసరు తాగించాడు. పేగులు బయటికి వస్తాయా అన్నంత వాంతి అయింది. అతను ఆకు మీద పడినదాన్ని వేలితో కెలికి, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి ముద్దను పైకెత్తాడు. అది అతని గోళ్ళ సందులోంచి జారడం నేను చూశాను. “పెట్టింది బయటిమనిషి కాదు. పిల్లల్లేని ఆడది” అన్నాడు. అత్త నేలమీద కూలబడి ఏడ్చింది. నన్ను ఎంత గట్టిగా కరుచుకుందంటే, నా కన్నతల్లి కూడా అట్లా పట్టుకోలేదు. అత్త చెడ్డది కాదు. నా మీది ప్రేమే రంగమ్మ పాలిట శాపమైంది.

తర్వాత సామి విరుగుడు అని చెప్పి తేనెలో ఒక పొడి కలిపి నాకించాడు. నాలుకకు తగలగానే ఆ చేదు నాకు తెలిసిపోయింది. అది నల్లమందు. ఎక్కడినుంచి తెచ్చాడో ఏమో. అరగంటలో కాళ్ళ లాగుడు ఆగింది, వాంతులు కట్టుకున్నాయి, గంజి అడిగి తాగాను. మా ఆయన అతని కాళ్ళకు మొక్కాడు. మందు తీశాడు, మనిషి బాగైంది, ఇక సాక్ష్యం ఏం కావాలి? పొట్లాలు కట్టించుకొని ఇంటికి వచ్చాం. పొట్లాలు అయిపోగానే మళ్ళీ రమ్మన్నాడు.

నేను ఇంట్లోకి వచ్చి కూచునేసరికి అత్త రంగమ్మ పెట్టెను వీధరుగు మీద పెట్టేసింది. సుబ్బరాయుడు ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డాడు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, నువ్వు చెప్పు. నేను పెట్టినానా?”

నేను గోడవైపు తిరిగాను. ఒళ్ళు బాగాలేదు, పలకరించొద్దు అని అత్త ఆమెను అవతలికి నెట్టింది. పుట్టినింట్లో దించి రావడానికి సుబ్బరాయుడు వెంట పోయాడు. ఒంటరిగానే తిరిగి వచ్చాడు.

ఆ తర్వాత పదకొండు నెలల గురించి ఎక్కువ రాయను. పదిహేను రోజులకొకసారి పెనుకొండ రైలు. ప్రతిసారీ అత్త ఆ అరుగు మీద కథంతా మొదటినుంచి చెప్పేది. ప్రతిసారీ కొత్తవాళ్ళు వినేవాళ్ళు. నా పొట్లం కోసం ఆమె పేరు ఎన్ని ఊళ్ళకు పాకిందో నేనే చూశాను. పొట్లం పెద్దదైంది. నేను సన్నబడ్డాను. మందు వేర్లు ఇంకా కడుపులోనే ఉన్నాయని సామి చెప్పేవాడు. సంక్రాంతి దాటాక సుబ్బరాయుడికి ఇంకో సంబంధం చూడడం మొదలుపెట్టారు. పెద్దమనుషుల ముందర తెగతెంపులు చేసుకోవాలని మాట్లాడుకుంటున్నారు.

అప్పుడొక రోజు పోతే సామి ఇంటికి తాళం ఉంది. పోలీసులు వచ్చి పోయారని ఎవరో అన్నారు. అరుగు మీద కూచున్నవాళ్ళంతా అట్లాగే కూచున్నారు, సామి వస్తాడని. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టేసింది. మా అన్న హిందూపురంలో ఉంటాడు. మా ఆయన ఆలోచించి, ధర్మవరం తిరిగిపోకుండా అటునుంచి అటే నన్ను హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. అత్త కూడా వచ్చింది.

ఆసుపత్రి బెంచీ మీద ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూచున్నాం. ముక్కు కారుతోంది, కాళ్ళు ఆగడం లేదు. ఎదురుగా కూచున్నాయన నా కాళ్ళనే చూస్తున్నాడు. లోపలికి పిలిచాక, ఏం మందు తింటున్నావని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“తినలేదు సామీ, పెట్టినారు. మా చిన్నకోడలు పెట్టింది.”

డాక్టరు అత్తను, మా ఆయనను బయట కూచోమన్నాడు. ఖాళీ పొట్లం కాగితం అడిగి వాసన చూశాడు. తిట్టలేదు. ఎన్నేళ్ళ నుంచి అని మాత్రం అడిగాడు. నాలుగేళ్ళు అన్నాను. అనేసరికి ఏడుపు వచ్చేసింది. సిగ్గుపడి కాదు, అడిగినందుకు. అంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు, అందరూ నా చుట్టూ ఉన్నవాళ్ళనే అడిగారు.

రెండు వారాలు ఉంచుకున్నారు. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పించారు. ఆ రోజులు చెబితే ఓర్వలేరు, వదిలేస్తాను. వార్డులో ఒక ఆయా ఉండేది, పెద్దామె. పాత చీరముక్కతో నా మోకాళ్ళ కింద గట్టిగా కట్టు కట్టి, “సిగ్గుపడాకు తల్లీ, మనిషి ఒంటికి అలవాటు గానిదేముంది. పోతాది, పోయేదాకా అరుచుకో” అనేది. ఆమె కాళ్ళు ఒత్తుతుంటే కళ్ళు మూసుకునేదాన్ని. తెరిస్తే ఆమె రంగమ్మ కాదు కదా.

తొమ్మిదో రోజు మా ఆయనకు చెప్పాను. చెన్నమ్మవ్వ వసారా నుంచి సామి పొడి దాకా అంతా. ఆయన నమ్మాడు. కానీ మా అమ్మకు చెప్పొద్దు, ఇప్పుడు చెబితే ఇల్లు నవ్వులపాలవుతుంది, అయిందేదో అయిపోయింది అన్నాడు. అయిపోయింది ఎవరికి అని అడిగాను.

ఇల్లు చేరిన వారానికి పెద్దమనుషులు మా ఇంటి అరుగు మీద కూచున్నారు. రంగమ్మ తరఫున ఆమె మేనమామ ఒక్కడే వచ్చాడు. తెగతెంపుల మాట ముగిసేలోపు నేను లోపలినుంచి వచ్చి మగవాళ్ళ ముందు నిలబడ్డాను. నాకు ఎవరూ మందు పెట్టలేదు, నేనే నల్లమందు తిన్నాను, అది దొరక్క పడ్డ బాధ అది, రంగమ్మ నా వాంతులెత్తింది తప్ప వేరే పాపం ఎరగదు అని చెప్పాను.

అత్త పరుగున వచ్చి నన్ను పొదివి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

“చూసినారా సామీ? మందు ఇంకా దిగలేదు దీనికి. ఆ మందే దీంతో ఇట్ల మాట్లాడిస్తాండాది.”

పెద్దమనుషులు తలలు ఊపారు. ఒకాయన అయ్యో పాపం అన్నాడు. నేను మా ఆయన వైపు చూసి, నువ్వు చెప్పు అన్నాను. ఆయన గోడవైపు తిరిగాడు. అచ్చం నేను తిరిగినట్టే. ఇక ఏ మొహం పెట్టుకొని ఆయన్ను తిట్టేది? తెగతెంపులు అయిపోయాయి.

మా అన్నను వెంటబెట్టుకొని రొళ్ల బస్సెక్కాను. రంగమ్మ వాళ్ళ పల్లెలో నాకంటే ముందే ఆ కథ చేరింది. శెనక్కాయ పీకడానికి కూలికి పోతే ఆమె మంచినీళ్ళ చెంబు ఎవరూ ముట్టుకోరు. పసిపిల్లను ముద్దు చేయబోతే తల్లి వచ్చి ఎత్తుకుపోతుంది. ఇవి ఆమె చెప్పలేదు, ఆమె తల్లి చెప్పింది. నేను అంతా చెప్పి ఆమె కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

“నీ కాళ్ళు ఒత్తినప్పుడన్నా చెప్పింటే బాగుండు కదక్కా” అంది.

అంతే. నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నువ్వు నమ్మావా అని అడిగితే, నాకు ముందునుంచే తెలుసు కదా నేను పెట్టలేదని, అంది. ఏడాదికొకసారి ఇప్పటికీ పోయి వస్తాను. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తుంది. నేను అడుగంటా తాగేదాకా నిలబడి చూస్తుంది. ఊట అయిందా అని మాత్రం ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

నేను మళ్ళీ తినలేదు. ముసురు పట్టిన రోజు కాళ్ళు లాగుతాయి, నాలుక మీద ఆ చేదు తనంతట తానే వస్తుంది. వచ్చినప్పుడు లేచి వీధిలో తిరుగుతాను. నాలా రహస్యంగా తినే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, దొంగతనంగా దొరుకుతూనే ఉంది. ఈ కాగితాలు ఎవరి చేతికైనా వస్తే ఇది మాత్రం వినండి. ఆపినప్పుడు ముక్కు కారి, ఒళ్ళు జలదరించి, కాళ్ళు లాగితే అది ఎవరో పెట్టింది కాదు. ఆసుపత్రికి పోండి. డాక్టరు అడిగితే మీ నోటితో మీరే చెప్పండి, పక్కవాళ్ళను చెప్పనివ్వకండి.

ఇక ఎవరికోసమంటే, సుబ్బరాయుడి రెండో పెళ్ళాం పార్వతి కోసం. ఇరవై మూడేళ్ళ పిల్ల. రెండుసార్లు కడుపు నిలబడలేదు. మొన్న మధ్యాహ్నం రాట్నం దగ్గర కూచొని, ఎవరూ వినడం లేదని చూసుకొని అడిగింది.

“అక్కా, ఆ రొళ్ల ఆమె నాకేమన్నా పెట్టించిందేమో. పెనుకొండ సామి మళ్ళా వచ్చినాడంట. నీకు తీసినాడు కదా, ఆ ఊరి పేరేంది?”

చెప్పాను, నాకు ఎవరూ మందు పెట్టలేదని. అప్పుడే లోపలినుంచి వచ్చిన అత్త వైపు ఆమె చూసింది. అత్త జాలిగా నవ్వి, దానికి ఆ మాట అట్లా ఉండిపోయిందిలే అంది. గురువారం రైలుకు ఇద్దరూ పోవాలని అనుకుంటున్నారు.

నోటి మాట మందు మాట్లాడించిందంటారు. రాత కూడా మందే రాయించిందంటారేమో తెలియదు. రేపు మధ్యాహ్నం అత్త కూరగాయలకు పోయాక పార్వతిని పక్కన కూచోబెట్టుకొని దీన్ని మొదటి ముక్క నుంచి చదివి వినిపిస్తాను. మధ్యలో లేచిపోబోతే చెయ్యి పట్టుకొని కూచోబెడతాను. అప్పటికీ వినకపోతే గురువారం నేనూ ఆ రైలెక్కుతాను. ఆ అరుగు మీద అత్త కథ మొదలుపెట్టగానే లేచి నిలబడి ఇది గట్టిగా చదువుతాను.